నెత్తురులో నేరాన్ని వెతికిన చట్టం

చెజారె లాంబ్రోజో అనే ఇటలీ వైద్యుడు 1871లో ఒక పుర్రె గురించి రాశాడు. దక్షిణ ఇటలీలోని కలాబ్రియా ప్రాంతానికి చెందిన విలెల్లా అనే ఖైదీ పుర్రె అది. దాని వెనక భాగాన, మనుషుల్లో మామూలుగా కనిపించని చిన్న గుంట ఒకటి ఆయన కంటపడింది. అలాంటి గుంట కొన్ని జంతువుల పుర్రెల్లో ఉంటుంది. అంతే, ఆయనకు నేరానికి మూలం దొరికిపోయిందనిపించింది. దొంగలు, హంతకులు మనలాంటి మనుషులు కారని, పరిణామ క్రమంలో వెనక్కి జారి పుట్టినవాళ్లని, వాళ్ల దవడల్లో, చెవుల్లో, నుదుటిలో ఆ సంగతి చదవవచ్చని 1876లో పెద్ద పుస్తకమే రాశాడు. పుట్టుకతో నేరస్థుడనే ఊహకు సైన్సు ముద్ర పడింది అక్కడే.

మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం పుర్రెల కోసం ఆగలేదు. అదే 1871లో, అక్టోబరు 12న, 27వ నంబరు చట్టం చేసింది. దాని పేరు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, అంటే నేరస్థ జాతుల చట్టం. ఒక తెగను మొత్తంగా నేరాలకు అలవాటు పడినదిగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. ప్రకటించాక ఆ తెగలో ఫలానావాడు దొంగతనం చేశాడని రుజువు చేయక్కర్లేదు. ఆ ఇంట పుట్టాడంటే చాలు. చట్టాన్ని సమర్థించినవాళ్ల వాదన ఇది: ఈ దేశంలో నేత, వడ్రంగం వంటి పనులు కులాన్ని బట్టి తరతరాలుగా వస్తున్నాయి కాబట్టి దొంగతనం కూడా కొందరికి కులవృత్తే అయివుండాలి.

ఆ వాదన తప్పని చెప్పడానికి పెద్ద సాక్ష్యం బ్రిటన్ చేతిలోనే ఉంది. 1788 నుంచి 1868 దాకా అది దాదాపు లక్షా అరవై వేల మంది శిక్షపడిన ఖైదీలను ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు పంపింది. చివరి ఓడ చేరి మూడేళ్లు తిరిగేసరికి ఇక్కడ ఈ చట్టం వచ్చింది. నేరం నెత్తురులో పారేదే అయితే ఆ ఖైదీల పిల్లలు, మనవలతో నిండిన ఆస్ట్రేలియా దొంగల రాజ్యమై ఉండాలి. వాళ్లు రైతులయ్యారు, వర్తకులయ్యారు, అక్కడి సమాజంలో మామూలు మనుషులై కలిసిపోయారు. తమ నేరస్థులకు కొత్త నేల దొరికితే మారతారని చూసిన ప్రభుత్వమే, పరాయి జనం విషయానికొచ్చేసరికి పుట్టుకనే నేరమంది.

మొదట ఈ చట్టం ఉత్తరాదికి వర్తించింది. తర్వాత బెంగాలుకు పాకింది. 1911లో తిరగరాసి దేశమంతటికీ విస్తరించాక మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు వచ్చింది. ఇక్కడ దాని దెబ్బ ఎక్కువగా పడిన తెగల్లో ఎరుకల వాళ్లు ఒకరు.

ఎరుకలు అంతకు ముందు ఏం చేసేవాళ్లో చూడాలి. బుట్టలు, తట్టలు అల్లేవాళ్లు. పందులు మేపేవాళ్లు. ఆడవాళ్లు ఊరూరా తిరిగి ఎరుక చెప్పేవాళ్లు, పచ్చబొట్లు పొడిచేవాళ్లు. వాళ్లలో ఒక శాఖకు ఉప్పు వ్యాపారమే జీవనాధారం. సముద్రపుటొడ్డున ఉప్పు కొని, గాడిదల మీద, ఎడ్ల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లేవాళ్లు. తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవాళ్లు. మధ్యలో తగిలిన పొలాల్లో పశువుల్ని మళ్లేస్తే ఎరువు పడుతుందని రైతులు రానిచ్చేవాళ్లు. బండి దారి లేని ఊళ్లకు ఉప్పు చేర్చేది ఈ మనుషులే. అంటే నిన్నటిదాకా సమాజానికి పనికొచ్చిన జనం.

పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో ఆ బతుకు నాలుగు వైపుల నుంచీ మూసుకుపోయింది. రైలు వచ్చి ఉప్పును, ధాన్యాన్ని మోసుకుపోయింది. ఉప్పు తయారీ, అమ్మకం సర్కారు గుప్పిట్లోకి వెళ్లి ధర పెరిగింది. అడవి చట్టాలొచ్చి వెదురు, ఈత బరిగె, పశువుల మేత చేతికందకుండా చేశాయి. 1876-78 నాటి ధాత కరువు పశువుల్ని మింగేసింది. ఎద్దూ గాడిదా లేని సంచార వర్తకుడికి మిగిలేదేముంటుంది? చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మద్రాసు రాజధాని రికార్డులు తవ్వి ఈ క్రమాన్ని విడమరిచి చూపించారు. మొదట ఒక జనం బతుకుతెరువు పోయింది. తర్వాత కొందరు దొంగతనాలకు దిగారు. ఆ తర్వాత చట్టమొచ్చి, వీళ్లు ఎప్పుడూ ఇంతేనంది.

ఎరుకల్లో దొంగతనాలు, దోపిడీలు చేసినవాళ్లు లేరని నేను అనడం లేదు. ఉన్నారు. దెబ్బతిన్న కుటుంబాలూ ఉన్నాయి. నేరాన్ని అర్థం చేసుకోవడమంటే దాన్ని తుడిచిపెట్టడం కాదు. ఎందుకు జరిగిందో తెలియకపోతే ఆపడం కుదరదు, అంతే.

1911 చట్టం ఏం చేసిందో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన పాఠ్యపుస్తకాల్లో ఇది పెద్దగా కనబడదు. ప్రకటిత తెగలో పెద్దవాళ్లంతా పేర్లు నమోదు చేయించుకోవాలి. నేరం చేయకపోయినా వేలిముద్రలు ఇవ్వాలి. వేలిముద్రల వర్గీకరణ పద్ధతి కలకత్తాలో రూపుదిద్దుకుని 1897లో అధికారికంగా అమల్లోకి వచ్చింది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగుల మేధస్సు అందులో ఉంది. ప్రపంచమంతా వాడుకున్న ఆ గొప్ప పద్ధతిని ఇక్కడ నిందితుడి మీదే కాదు, పుట్టుక మీద కూడా ప్రయోగించారు. నమోదైనవాడు చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాస్ కావాలి. కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తగ్గకుండా జైలు, మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరవాసం. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారమూ ప్రభుత్వానికుంది.

దీంతోపాటు సెటిల్‌మెంట్లు వచ్చాయి, అంటే ఈ తెగల్ని ఒకచోట ఉంచి కనిపెట్టుకునే కాలనీలు. సాల్వేషన్ ఆర్మీ, అమెరికన్ బాప్టిస్టు మిషన్ వంటి సంస్థలకు సర్కారు ఈ పని అప్పగించింది. భారత దేశంలో సాల్వేషన్ ఆర్మీ పెద్ద ఫ్రెడరిక్ బూత్-టక్కర్ ఈ తెగల నేరబుద్ధికి చికిత్స చేసే విధానానికి ఏకంగా ఒక శాస్త్రం పేరు పెట్టి పుస్తకం రాశాడు. కావలిలో బాప్టిస్టుల సెటిల్‌మెంటు, బెజవాడ దగ్గర సీతానగరంలో సాల్వేషన్ ఆర్మీది వెలిశాయి. 1913-14 ప్రాంతంలో బాపట్ల, చీరాల మధ్య మరొకటి పుట్టింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అదే స్టువర్టుపురం.

అక్కడికి మనుషుల్ని రకరకాల చోట్ల నుంచి తెచ్చి పెట్టారు. కొందరికి భూములిచ్చారు. చాలామంది చీరాలలోని పొగాకు కంపెనీలో కూలికి కుదిరారు. బడి పెట్టారు, వైద్యం చూశారు. ఆ మిషనరీల్లో మనసున్నవాళ్లు లేకపోలేదు. కానీ దయ చూపించిన చేత్తోనే హాజరు పట్టీ తీసేవాళ్లు. పొద్దున పనికి వెళ్లినవాడు రాత్రి గుడిసెలో ఉన్నాడో లేదో లెక్క చూసుకునేవాళ్లు. కంపెనీకి పారిపోలేని కూలి దొరికింది. సర్కారుకు ఖర్చు తగ్గింది. ఊరికి మాత్రం ఒక ముద్ర పడింది.

ఈ ప్రయోగం ఇక్కడ నడుస్తున్న రోజుల్లోనే లాంబ్రోజో సిద్ధాంతం యూరపులో కుప్పకూలింది. ఇంగ్లండు జైళ్లలో వైద్యుడిగా పనిచేసిన చార్లెస్ గోరింగ్ మూడు వేల మందికి పైగా ఖైదీల తలలు, ముక్కులు, చెవులు, చేతులు కొలిపించి, విద్యార్థులు, సైనికుల వంటి మామూలు మనుషుల కొలతలతో పోల్చి చూశాడు. 1913లో ఫలితాలు ప్రచురించాడు. ఖైదీలు ఎత్తులో, బరువులో సగటున కాస్త తక్కువ తప్ప, నేరస్థుడి శరీరమనేది విడిగా ఒకటి లేదు. గోరింగ్‌కు కూడా వంశపారంపర్యం మీద నమ్మకం ఉండేది. అయినా తన కొలతలు తేల్చిన సంగతిని దాచలేదు. స్టువర్టుపురానికి పునాది పడిన కాలమే, పుట్టు నేరస్థుడి శరీరం అబద్ధమని తేలిన కాలం.

అయితే మరి నేరం ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా ఎందుకుంటుంది? ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా అందమైన జవాబు అమెరికాలోని చికాగో నుంచి వచ్చింది. క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు పరిశోధకులు ఆ నగరపు పటం ముందు పెట్టుకుని, కోర్టుకెక్కిన పిల్లలు ఏ వీధివాళ్లో దశాబ్దాల రికార్డుల నుంచి గుర్తులు పెట్టారు. 1942లో పుస్తకం వేశారు. ఫ్యాక్టరీల పక్కన, నగరం నడిబొడ్డుకు చుట్టుకుని ఉన్న పేద వాడల్లో గుర్తులు గుంపుగా పడ్డాయి. ఇందులో వింత లేదు. వింత ఆ తర్వాతే. ఆ వాడల్లో ఒక కాలంలో జర్మన్లు, ఐరిష్‌వాళ్లు ఉండేవాళ్లు. వాళ్లు కాస్త నిలదొక్కుకుని వెళ్లిపోతే పోలిష్‌వాళ్లు, ఇటాలియన్లు వచ్చారు. జనం పూర్తిగా మారిపోయినా వాడలో నేరాల రేటు అలాగే ఉంది. వాడ విడిచి మెరుగైన చోటికి వెళ్లిన జనంలో మాత్రం రేటు పడిపోయింది. నేరం నెత్తురుతోపాటు ప్రయాణం చేయలేదు. వీధిలోనే ఉండిపోయింది. అద్దె కొంపలు, నిలకడ లేని పని, ఏడాదికోసారి మారే పొరుగువాళ్లు, ఎవరి పిల్లాడిని ఎవరూ మందలించలేని స్థితి. నేరం పెరిగేది అలాంటి నేలలో.

జన్యువుల మాటేమిటని ఈ రోజు ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. న్యూజిలాండులోని డునెడిన్ పట్టణంలో 1970ల మొదట్లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వస్తున్నారు. మెదడులోని కొన్ని రసాయనాలను విడగొట్టే ఎంజైమును తయారు చేసే జన్యువు ఒకటుంది. అది కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది. ఆ పిల్లల్లోని మగవాళ్లను పరిశీలించి 2002లో వెల్లడించిన ఫలితం ఇది: మందకొడి జన్యువుండి, చిన్నతనంలో హింసకు గురైనవాళ్లలో పెద్దయ్యాక హింసాప్రవృత్తి ఎక్కువగా కనిపించింది. అదే జన్యువుండి ప్రేమగా పెరిగినవాళ్లలో అలాంటి తేడా కనబడలేదు. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఒక్క విషయంలో మాత్రం సందేహం లేదు: మనిషికీ మనిషికీ మధ్య కోపంలో, తొందరపాటులో కొంత పుట్టుక తేడా ఉండవచ్చు గానీ, దాన్ని పట్టుకుని ఒక తెగనో ఊరినో నేర జాతి అనడానికి జన్యుశాస్త్రంలో చోటు లేదు.

ఇక ముద్ర సంగతి. ముద్ర వేయడం వల్ల నేరం తగ్గుతుందా, పెరుగుతుందా?

ఫ్రాంక్ టానెన్‌బామ్ అనే అమెరికన్ పండితుడు కుర్రతనంలో, 1914లో, నిరుద్యోగుల తరఫున ఉద్యమం చేసి న్యూయార్క్‌లో ఏడాది జైలుకు వెళ్లాడు. జైలును లోపలి నుంచి చూసిన మనిషి. 1938లో రాసిన పుస్తకంలో ఒక సంగతి ఎత్తిచూపాడు. పిల్లాడు అల్లరిగా చేసిన పనిని పెద్దలు నేరమంటారు. తర్వాత ఆ పనిని వదిలి పిల్లాడినే చెడ్డవాడంటారు. పోలీసులు, కోర్టు, బడి అందరూ అదే పేరుతో పిలుస్తుంటే, ఆ పేరు పెట్టని స్నేహితులు వాడికి ఒక్కచోటే దొరుకుతారు. అది తనలాంటి ముద్ర పడినవాళ్ల గుంపు. 1960ల నాటికి ఈ ఆలోచన నేరశాస్త్రంలో ఒక పెద్ద పాయగా ఎదిగింది.

దీన్ని ప్రయోగంతో పరీక్షించినవారిలో డెవా పేజర్‌ది చెప్పుకోదగ్గ పని. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఇరవైల్లో ఉన్న కాలేజీ కుర్రాళ్లను జంటలుగా ఉద్యోగాలకు పంపింది. ఒక జంట తెల్లవాళ్లు, ఒక జంట నల్లవాళ్లు. చదువు, మాటతీరు, అనుభవం అన్నీ సమానంగా కుదిర్చింది. తేడా ఒక్కటే: జంటలో ఒకడు మాదకద్రవ్యాల కేసులో జైలుకెళ్లి వచ్చినట్టు దరఖాస్తులో రాస్తాడు. ఎప్పుడూ ఒక్కడే కాకుండా ఆ పాత్రను మార్చుకుంటూ వచ్చారు. మొత్తం 350 మంది యజమానుల దగ్గరికి వెళ్లారు. 2003లో ఫలితాలు వచ్చాయి. జైలు మచ్చ లేని తెల్ల కుర్రాళ్లలో నూటికి 34 మందికి తిరిగి పిలుపొచ్చింది, మచ్చ ఉంటే 17 మందికి. నల్ల కుర్రాళ్లలో మచ్చ లేకపోతే 14, ఉంటే 5. ఆ 17నీ 14నీ పక్కపక్కన పెట్టి చూడండి. జైలుకెళ్లొచ్చిన తెల్లవాడికి, ఏ తప్పూ చేయని నల్లవాడికంటే ఎక్కువ పిలుపులొచ్చాయి. పుట్టుక ముద్ర, జైలు ముద్ర కన్నా గట్టిది. క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ ఈ రెండు ముద్రల్నీ కలిపి ఒకే మనిషి మీద వేసింది. అలాంటివాడికి పని ఎవరిస్తారు? పనివ్వని సమాజమే మర్నాడు, చూశారా దొంగతనానికే వెళ్లాడు అంటుంది.

మారేవాళ్లు ఎలా మారతారో చెప్పే పరిశోధన ఇంకొకటుంది. దాని కథ నాకు చాలా ఇష్టం. షెల్డన్, ఎలినార్ గ్లూక్ అనే దంపతులు 1940ల్లో బోస్టన్ ప్రాంతంలో సంస్కరణ పాఠశాలల్లో ఉన్న 500 మంది మగపిల్లల్ని, అలాంటి పేద వాడల్లోనే ఉంటూ నేరాల జోలికి పోని మరో 500 మందిని ఎంచుకుని పోల్చారు. వయసు, జాతి, తెలివితేటలు సరిపోయేలా జత కుదిర్చారు. వాళ్లను ముప్పై ఏళ్ల వయసు దాటేదాకా గమనించారు. ఆ కాగితాలన్నీ అట్టపెట్టెల్లో హార్వర్డ్ లా లైబ్రరీ నేలమాళిగలో పడి ఉన్నాయి. 1980ల్లో జాన్ లాబ్, రాబర్ట్ శాంప్సన్ వాటిని బయటికి తీసి, దుమ్ము దులిపి, కంప్యూటర్‌కెక్కించారు. అక్కడితో ఆగకుండా, అప్పటికి ముసలివాళ్లైన ఆ పిల్లల్లో కొందరిని వెతికి పట్టుకుని, ఎదురుగా కూర్చుని వాళ్ల బతుకు చెప్పించుకున్నారు.

డెబ్బై ఏళ్ల వయసు దాకా సాగిన ఆ లెక్కలో తేలింది ఏమిటంటే, చిన్నప్పుడు ఎంత మొండిగా ఉన్నా, దాదాపు అందరూ ఏదో ఒక వయసులో నేరం మానేశారు. ఎవరు ఎప్పుడు మానతారో చిన్ననాటి లక్షణాలు చూసి చెప్పడం కుదరలేదు. మానడానికి తోడ్పడినవి చాలా మామూలువి. నమ్మి పెట్టుకున్న యజమాని, నిలకడైన కాపురం, సైన్యంలో చేరి పాత వీధికి దూరం కావడం. కోల్పోవడానికి ఏదో ఒకటి చేతికొచ్చాక మనిషి జాగ్రత్తపడతాడు. నేరాలు ఎక్కువగా యవ్వనంలో జరిగి వయసుతోపాటు తగ్గుతాయని బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ కెట్లే 1830ల్లోనే లెక్కలతో చూపించాడు. మన దేశంలో మాత్రం మనిషిని చచ్చేదాకా రిజిస్టరులో ఉంచారు. నలభై ఏళ్లొచ్చి పిల్లల తండ్రి అయినవాడు కూడా రాత్రిపూట హాజరు పలికాడు.

లాంబ్రోజోకు చాలా ముందు ఇటలీలోనే పుట్టిన చెజారె బెకారియా 1764లో, ఇరవై ఆరేళ్ల వయసులో, భయపడి పేరు వేసుకోకుండా ప్రచురించిన చిన్న పుస్తకంలో శిక్ష ఎంత క్రూరంగా ఉంటే అంత మంచిదన్న నమ్మకాన్ని ప్రశ్నించాడు. దొరికిపోవడం ఖాయమన్న భయమే మనిషిని ఆపుతుందని, శిక్ష ఎంత పెద్దదన్నది తర్వాతి మాటని చెప్పాడు. రెండున్నర శతాబ్దాల తర్వాతి పరిశోధనలు కూడా స్థూలంగా ఇదే చెబుతున్నాయి. యావజ్జీవ ద్వీపాంతరవాసం అని రాసిపెట్టినా దోపిడీలు ఆగలేదంటే అందుకే. పైగా నేరం చేసినా చేయకపోయినా అనుమానించడం ఖాయమైనప్పుడు, చేయకుండా ఉండటానికి కారణమే ఉండదు.

తెలుగునాట ఈ చట్టం మీద ధ్వజమెత్తినవాళ్లున్నారు. యానాదుల కోసం జీవితాన్ని ధారపోసిన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య దీని రద్దు కోసం పోరాడారు. 1936లో జవహర్లాల్ నెహ్రూ నెల్లూరు వచ్చినప్పుడు ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. ఏ తెగనూ మొత్తంగా నేరస్థ తెగ అనడం నాగరికత కాదన్నారు. స్వాతంత్ర్యం తర్వాత ఈ చట్టంపై వేసిన విచారణ కమిటీకి అధ్యక్షుడైన అనంతశయనం అయ్యంగార్ మన చిత్తూరు జిల్లావారే, తర్వాత లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కమిటీ సిఫారసుతో 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దైంది. ఆ తెగల్ని అప్పటి నుంచి విముక్త జాతులంటున్నారు. ఆగస్టు 31ని వాళ్లు విముక్తి దినంగా జరుపుకుంటారు.

చట్టం పోయినా దాని ఆత్మ పోలేదు. రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. తెగ పేరు రాయకపోయినా, ఎవరి మీద పాత కేసులు గుట్టగా పేరుకుని ఉంటాయో ఆ చట్టం వాళ్ల మీదే పడుతుంది. దశాబ్దాలుగా ఎక్కడ దొంగతనం జరిగినా మొదట తలుపు తట్టించుకున్నవాళ్లకు కాక ఇంకెవరికి ఉంటాయి అన్ని పాత కేసులు? జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో ఈ చట్టాల్ని రద్దు చేయమంది. జాతి వివక్ష నిర్మూలనపై ఐక్యరాజ్యసమితి కమిటీ 2007లో అదే మాట అంది.

ఈ వలయం ఎలా తిరుగుతుందో కంప్యూటర్ల కాలంలో స్పష్టంగా తెలిసింది. అమెరికాలోని ఓక్లండ్ నగరంలో మాదకద్రవ్యాల కేసుల పాత పోలీసు రికార్డుల్ని, రేపు నేరమెక్కడ జరుగుతుందో ఊహించే ప్రోగ్రామ్‌కు ఇచ్చి చూశారు క్రిస్టియన్ లమ్, విలియం ఐజాక్. 2016లో ప్రచురించిన ఆ పరిశీలన ప్రకారం, మాదకద్రవ్యాల వాడకం నగరమంతటా విస్తరించి ఉన్నా, ప్రోగ్రామ్ మాత్రం నల్లవాళ్ల పేద వాడల వైపే పోలీసుల్ని పంపమంటుంది. అక్కడికే మళ్లీ మళ్లీ వెళితే అక్కడే మళ్లీ మళ్లీ దొరుకుతారు. ఆ దొరికినవి రేపటి లెక్కలో చేరతాయి. పోలీసు రికార్డు నేరాన్ని కొలవదు, పోలీసులు ఎక్కడ చూశారో కొలుస్తుంది. అరెస్టైనవాళ్ల వేలిముద్రలతోపాటు కనుపాప ముద్రలు కూడా తీసుకుని 75 ఏళ్లు దాచుకునే వీలు కల్పిస్తూ మన పార్లమెంటు 2022లో చట్టం చేసింది. రేపు ఆ గుట్టను యంత్రాలు చదువుతాయి. అందులో ఎవరి వేళ్లు ఎక్కువగా ఉంటాయో మనం ఈ రోజే ఆలోచించాలి.

స్టువర్టుపురంలో దీనికి విరుద్ధమైన దారి నడిచి చూపించినవాళ్లు కూడా ఉన్నారు. కవి గుర్రం జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త, నాస్తిక ఉద్యమనేత గోరా కుమారుడు లవణం, 1970ల్లో ఆ ఊళ్లోకి వెళ్లారు. హాజరు పట్టీ పట్టుకుని వెళ్లలేదు. ఇళ్లలో కూర్చున్నారు, వాళ్ల మాట విన్నారు. దొంగతనం మానేస్తామన్నవాళ్లకు భూమి, పని, పిల్లలకు చదువు దొరికేలా ప్రభుత్వంతో మాట్లాడారు. జలగం వెంగళరావు ప్రభుత్వం సహకరించింది. మనుషులు మారారు. బోస్టన్ అట్టపెట్టెల్లోంచి శాంప్సన్, లాబ్ తర్వాత బయటికి తీసిన సత్యాన్ని హేమలతా లవణం పుస్తకం చూడకుండానే ఆచరించారు. నేరస్థుల సంస్కరణ గురించి మన యూనివర్సిటీల్లో పాఠం చెప్పేటప్పుడు మొదట చెప్పాల్సిన పేరు ఆమెది అని నా నమ్మకం.

కానీ సినిమా ఇంకా ముద్రనే కోరుకుంది. 1991లో స్టువర్టుపురం పేరుతో సినిమాలొచ్చాయి. 2023లో అక్కడి దొంగ కథతో మరో పెద్ద సినిమా వచ్చింది. ఆ ఊళ్లో టీచర్లు, ఉద్యోగులు, రైల్వే పనివాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇంటర్వ్యూలో సొంతూరు పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు ఎదుటివాడి ముఖంలో మారే రంగు చూస్తున్నారు.

దీని పక్కన ఒక అమెరికన్ ఉదాహరణ పెడతాను. ఎడ్విన్ సదర్లాండ్ అనే నేరశాస్త్రవేత్త 1949లో పెద్దమనుషుల నేరాల మీద పుస్తకం రాశాడు. దేశంలోని 70 అతి పెద్ద కంపెనీల మీద కోర్టులు, ప్రభుత్వ సంస్థలు ఇచ్చిన తీర్పులు లెక్కపెట్టాడు. కల్తీ, తప్పుడు ప్రకటనలు, కుమ్మక్కై ధరలు పెంచడం, కార్మికుల హక్కుల ఉల్లంఘన. మొత్తం 980 తీర్పులు. తీర్పు పడని కంపెనీ ఒక్కటీ లేదు. కొన్ని రాష్ట్రాల్లో నాలుగుసార్లు శిక్ష పడినవాడిని చట్టం అలవాటు నేరస్థుడంటుంది. ఆ కొలతతో చూస్తే ఈ కంపెనీల్లో పదింట తొమ్మిది అలవాటు నేరస్థులేనన్నాడు. అయితే కంపెనీల పేర్లు వేస్తే పరువునష్టం దావా పడుతుందని ప్రచురణకర్త భయపడ్డాడు. పేర్లు తీసేసి పుస్తకం వేశారు. పేర్లతో సహా పూర్తి పుస్తకం 1983లో గానీ రాలేదు. రుజువైన నేరం ఉన్న కంపెనీలకు పేరు దాచే మర్యాద దక్కింది. నేరం చేయని ఊరికి ఆ మర్యాద లేదు.

2024లో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. మేలో, వెనకబడిన వర్గాలవాళ్ల పేర్లను పుట్టుకను బట్టి యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కించకూడదంది. అక్టోబరు 3న, జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేస్తూ, విముక్త జాతుల్ని పుట్టు నేరస్థులుగా చూసే రాతలు రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. అలవాటు నేరస్థుల చట్టాలు అవసరమా అన్న సందేహాన్నీ రాష్ట్రాల ముందు పెట్టింది. 1871 నాటి ఊహ 2024లో కూడా మన జైలు నియమాల్లో అచ్చుగా బతికే ఉందన్నమాట.

అందుకని ఈ వ్యాసం చదివేవారిలో విలేకరులు, ఎడిటర్లు ఉంటే వారికి నా విన్నపం ఇది. దొంగతనం వార్త రాసేటప్పుడు పట్టుబడ్డవాడి పేరు, అతని మీదున్న ఆరోపణ రాయండి. ఫలానా ఊరి ముఠా, ఫలానా తెగ దొంగలు అని శీర్షిక పెట్టకండి. పోలీసు అధికారులు పత్రికలకిచ్చే ప్రకటనల్లో ఆ మాట మానేయండి. స్టేషన్లోని సస్పెక్ట్ షీట్లు తిరగేసి, కేసు లేకుండా కేవలం ఇంటిపేరు వల్ల ఎక్కిన పేర్లుంటే కొట్టేయండి. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులు అలవాటు నేరస్థుల చట్టాన్ని సభలో చర్చకు పెట్టండి. దుకాణమో, ఫ్యాక్టరీయో, స్కూలో నడిపేవాళ్లు, స్టువర్టుపురం నుంచి దరఖాస్తు వస్తే మిగతా దరఖాస్తుల్లాగే చదవండి.